ఇరవై ఆరు వద్దన్న మనిషి

మోంతెరివో విశ్వవిద్యాలయంలో ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ల దగ్గర ఒర్నెల్లా పియెర్గాల్లీని పేరు ఎత్తితే కొందరు కుర్చీలో కాస్త నిటారుగా సర్దుకుంటారు. కొందరు మొహం పక్కకు తిప్పుకుంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధాలు చెప్పే మనుషులు కారు. అందరూ మాట్లాడేది ఒకే హాలులో ఒకే ఉదయం జరిగిన దాని గురించే. కాబట్టి ఆమెను మెచ్చుకోవడానికైనా, తప్పుపట్టడానికైనా తొందరపడకుండా ముందు జరిగినదాన్ని జరిగినట్టు చెప్పుకోవాలి.

నిన్నమొన్నటిదాకా ఆమె సముద్రం ఒడ్డున, రైలు స్టేషను వెనక ఉన్న హైస్కూల్లో లాటిన్ చెప్పింది. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. గొంతు పెంచి ఎరగదు. అయినా ఆమె క్లాసులో ఆకతాయి పిల్లలు కూడా కాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఆమెలో కోపం ఉందని చెప్పడానికి ఎవరికీ సాక్ష్యం అవసరం లేదు. అది నివురుగప్పిన నిప్పు. దాని పక్కన కూర్చుంటే చాలు, వేడి తెలుస్తుంది.

ఆ నిప్పు చిన్ననాటిది. వాళ్ల లోయలో ఊరంతా చెప్పులే చేసేది. తండ్రి కార్ఖానాలో తోలు కోసేవాడు. తల్లి ఇంట్లోనే, వంటింటి బల్ల మీద, చెప్పుల పైభాగాలు మిషను మీద కుట్టేది. జిగురు వాసన రొట్టెకు కూడా పట్టేది. నాయనమ్మ అస్సుంతా చదువుకోలేదు గానీ చర్చిలో చదివే లాటిన్ ప్రార్థనలన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఊళ్లో ఎవరు పోయినా శవం పక్కన కూర్చుని చదివేది. ఒర్నెల్లా చిన్నప్పుడు ఒకసారి వాటి అర్థం అడిగింది. "అర్థం దేవుడికి తెలుసులేవే. చదివే నోరు మాత్రం నాది," అంది నాయనమ్మ. పదేళ్ల వయసులో ఒక అంత్యక్రియల రోజున, చర్చి వెనక గదిలో, పాదిరీ ఆ ముసలమ్మ ఉచ్చారణను అనుకరించి డాక్టరుకు వినిపించడం, ఇద్దరూ నవ్వుకోవడం ఒర్నెల్లా విన్నది. ఆమె అక్కడ కొవ్వొత్తులు అందించడానికి నిలబడి ఉంది. వాళ్లకు అర్థం తెలుసు. డెబ్భై ఏళ్లుగా ఆ మాటలు మోసిన మనిషికి దాన్ని చెప్పాలని వాళ్లలో ఒక్కరికీ తోచలేదు. అందులో నవ్వడానికి ఏముందో ఒర్నెల్లాకు ఆ రోజు తెలియలేదు. తెలిసిన రోజున క్షమించలేదు.

తోలు కోసేవాడి కూతురు అప్పట్లో లాటిన్, గ్రీకు నేర్పే క్లాసికల్ హైస్కూలుకు వెళ్లేది కాదు. అది నోటరీల పిల్లలకు, డాక్టర్ల పిల్లలకు. ఒర్నెల్లా కామర్స్ స్కూల్లో చదివి కార్ఖానా ఆఫీసులో గుమాస్తాగా చేరింది. అప్పటికి చట్టం మారింది. ఏ హైస్కూలు పూర్తి చేసినవాళ్లయినా విశ్వవిద్యాలయంలో ఏ శాఖలోనైనా చేరవచ్చు. ఇరవై రెండో ఏట ఆమె సాహిత్య శాఖలో చేరింది, ప్రధానాంశంగా లాటిన్ పెట్టుకుని. అప్పటికి ఆమెకు లాటిన్‌లో ఒక వాక్యం కూడా సరిగా రాదు.

"లాటిన్ చదివి ఏం చేస్తావే? చచ్చినవాళ్లతో కబుర్లాడతావా?" అంది తల్లి, మిషను ఆపకుండానే.

"నాయనమ్మ ఆడలేదా?"

"ఆవిడ ఆడింది. వాళ్లు జవాబిచ్చారేమో కనుక్కో ముందు."

పాత పుస్తకాల కొట్టులో కొన్న లాటిన్ ప్రవేశిక పట్టుకుని బస్సులో చదివింది. మధ్యాహ్నం భోజనాల వేళ తోలు చుట్టల మధ్య కూర్చుని చదివింది. వాక్యాలు మొదట రాళ్లలా ఉండేవి, తర్వాత ముళ్లలా అయ్యాయి. కొన్ని నెలలు గడిచాక ఒక రోజు ఒక చిన్న వాక్యం ఎవరో గదిలోకి వచ్చి మాట్లాడినట్టు వినిపించింది. ఆ వేళ ఆమె రొట్టె తినడం మరచిపోయింది.

మోంతెరివోలో లాటిన్ సాహిత్యం చెప్పేవాడు ప్రొఫెసర్ ఎర్మానో తొరెజ్జాని. పొడగరి, సన్నటి మనిషి. ఎండాకాలంలో కూడా మెడలో పల్చటి రుమాలు ఉండేది. పరీక్ష అంటే నోటి పరీక్షే, అదీ అందరి ముందు. హాలు తలుపులు తెరిచే ఉంటాయి. తమ వంతు కోసం కూర్చున్నవాళ్లూ, వచ్చేసారికి భయపడేవాళ్లూ, ఊరికే చూడవచ్చినవాళ్లూ బెంచీల మీద ఉంటారు. పిలిచిన విద్యార్థి వచ్చి బల్లకు ఇవతల కూర్చుంటాడు. ప్రొఫెసర్ తన ముందున్న మూలగ్రంథాన్ని, ఒక రోమన్ చరిత్రకారుడు రాసినదాన్ని, తనకు తోచిన చోట తెరిచి అతనివైపు తిప్పుతాడు. చదవాలి, అనువదించాలి, వివరించాలి. చివర ముప్పైకి ఇంత అని చెబుతాడు. ఒప్పుకుంటే విద్యార్థి తెచ్చిన మార్కుల పుస్తకంలో ప్రొఫెసరే అది రాసి సంతకం చేస్తాడు. నచ్చకపోతే వద్దనే హక్కు విద్యార్థికి ఉంది. వద్దంటే ఆ రోజు లేనట్టే. మళ్లీ వచ్చి మళ్లీ కూర్చోవాలి.

ఒర్నెల్లా మొదటిసారి కూర్చున్నప్పుడు ఆమెకు ముందు లేచిపోయినవాడు ఒక నోటరీ కొడుకు. అతన్ని ప్రొఫెసర్ పాఠంతో ముప్పుతిప్పలు పెట్టి, చెమటలు పట్టించి, ఇరవై అయిదు ఇచ్చి పంపాడు.

"ఏ స్కూలమ్మా?" అని ఒర్నెల్లాను అడిగాడు.

"కామర్స్ స్కూలండీ."

"అలాగా. మంచిది," అని ఆయన ముందున్న పుస్తకం మూశాడు. మెల్లగా, చప్పుడు కాకుండా, నిద్రపోతున్న పిల్లాడి గది తలుపు వేసినట్టు మూశాడు. మూసి పక్కకు జరిపాడు.

తర్వాత అడిగినవన్నీ పుట్టుపూర్వోత్తరాలే. ఆ చరిత్రకారుడు ఎక్కడ పుట్టాడు, ఎవరి కొలువులో ఉన్నాడు, గ్రంథం ఎన్ని భాగాలు, ఏ భాగంలో ఏముంది. ఒర్నెల్లా తడబడకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె కళ్లు ఆ మూసిన అట్ట మీదే ఉన్నాయి.

"చాలా శ్రద్ధగా చదివావు. ఇరవై ఆరు," అని ఆయన పెన్ను మూత తీశాడు.

"పాఠం అడగలేదు, సార్."

"అక్కర్లేదమ్మా."

"ఇందాకటి ఆయన్ని అడిగారు."

"ఆ అబ్బాయి అయిదేళ్లు స్కూల్లో చదువుకుని వచ్చాడు. నిన్ను అడిగితే నీకు అన్యాయం చేసినట్టవుతుంది."

"నాకు అన్యాయమో కాదో, అడిగి చూస్తే కదండీ తెలిసేది."

బెంచీల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రొఫెసర్ కూడా చిన్నగా నవ్వాడు. ఆమె బేరమాడుతోందనుకున్నాడు. అక్కడ అది కొత్త కాదు. "సరే, ఇరవై ఏడు. సంతోషమేనా?"

"వద్దండి."

హాలులో కలకలం రేగింది. క్లాసికల్ స్కూలు పిల్లలు ఇరవై ఏడు వద్దనడం ఉంది, ముప్పై కోసం. కామర్స్ స్కూలు నుంచి వచ్చిన మనిషి వద్దనడం ఎవరూ చూడలేదు. ప్రొఫెసర్ ఆమెను నిజంగా అర్థం కానట్టు చూసి, పెన్ను మూత పెట్టేశాడు.

ఇక్కడ తొరెజ్జాని తరఫున చెప్పవలసింది చెప్పాలి. చట్టం మారి, లాటిన్ ముఖం చూడని పిల్లలు గుంపులుగా వచ్చి చేరినప్పుడు, ఆయన సహోద్యోగుల్లో చాలామంది పనిగట్టుకుని వాళ్లను పరీక్షల్లో ఫెయిలు చేశారు. చట్టం తప్పని నిరూపించడానికి ఆ పిల్లల ఏళ్లు ఖర్చుపెట్టారు. తొరెజ్జాని ఆ పని చేయలేదు. స్కూల్లో నేర్పనిదాన్ని పరీక్షలో అడగడం నీచమని ఆయన నమ్మాడు. ఆయన పుణ్యాన డిగ్రీ గట్టెక్కి, ఉద్యోగాలు చేసుకుని, ఇళ్లు నిలబెట్టుకున్నవాళ్లు ఆ జిల్లాలో ఎందరో ఉన్నారు. ఇదంతా నిజం, దీన్ని దాచడం తగదు.

రెండో వైపు నిజమూ ఉంది. ఆయన ఆ పిల్లలకు ఎన్నడూ ఇరవై ఏడు దాటనివ్వలేదు, ఎన్నడూ పుస్తకం తెరవలేదు. విద్యార్థుల్లో దానికో పేరు కూడా పుట్టింది: 'కామర్స్ ఇరవై ఆరు'. స్కూళ్లలో హెడ్మాస్టర్లకు కూడా ఆ పేరు తెలుసు. ఆ సంతకం కింద ఆ అంకె చూస్తే లాటిన్ క్లాసు ఇచ్చేవాళ్లు కాదు, చరిత్ర ఇచ్చేవాళ్లు. ఆయన లోపలికి రానిచ్చాడు, సందేహం లేదు. అయితే వచ్చినవాళ్లు వంటింటి దాకా వచ్చారా, వసారాలోనే ఆగిపోయారా అన్నది ఆయన ఎన్నడూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఒర్నెల్లాకు ఆ మూసిన పుస్తకంలో చర్చి వెనక గది కనిపించింది. ఒకరు నవ్వుతూ దాచారు, ఒకరు జాలితో దాచారు. అర్థం మాత్రం రెండు చోట్లా వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

సాయంత్రం బస్సులో ఆమె పక్కన కూర్చునేది లొరెదానా వెస్ప్రీని. పక్క ఊరి కూరగాయల కొట్టాయన కూతురు. అదే కామర్స్ స్కూలు, ఒర్నెల్లా కంటే రెండేళ్లు వెనక. ఇద్దరూ ఒకే కిటికీ దగ్గర కూర్చుని, ఒకే సంచిలోంచి చెర్రీలు తిని, గింజలు బయటికి ఉమ్మేవాళ్లు.

"ఇరవై ఏడు కాలదన్నావంటే, ఒసేయ్, నీకసలు బుర్ర ఉందా?" అంది లొరెదానా. "ఇస్తానంటే వద్దనేవాళ్లను నిన్నే చూశాను. మా నాన్న కొట్టులో అయితే నిన్ను పిచ్చిదనుకుని ఇంకో రెండు వంకాయలు ఎక్కువేసి పంపుతాడు."

"ఆయన వేసిందీ అదే. వంకాయలు. నేను లాటిన్ అడిగాను."

"అడిగితే నీకొచ్చా?"

"ఏమో. అడగనిదే ఎలా తెలుస్తుంది?"

"నాకు తెలుసు నాకు రాదని. అందుకే ఆయన కాళ్లకు దణ్ణం పెడతాను. నువ్వు ఆయన్ని రెచ్చగొట్టకు, నీకు పుణ్యముంటుంది."

శరత్కాలపు పరీక్షకు ఒర్నెల్లా మళ్లీ వెళ్లింది. తొరెజ్జాని ఆమెను గుర్తుపట్టాడు. ఈసారి ఏ స్కూలని అడగలేదు. అయినా పుస్తకం మూశాడు. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. ఆయన బేరం లేకుండా ఇరవై ఏడు అన్నాడు. ఆమె వద్దంది.

"నీకింత కోపం దేనికమ్మా?" అని ఆయన అడిగాడు. ఆ అడగడంలో వెటకారం లేదు.

"మీరు పుస్తకం మూసినందుకండీ."

"నీ మంచికే మూశాను."

"నా మంచి నాకు చూపించి మూయండి."

ఆ చలికాలమంతా ఆమె తెల్లవారకముందే లేచి, కార్ఖానా సైరను మోగేదాకా నిఘంటువు పెట్టుకుని మూలగ్రంథాన్ని వాక్యం వాక్యం చదివింది. అందరూ తయారయ్యే ప్రసిద్ధ ఘట్టాలే కాక, ఎవరూ తెరవని మధ్య భాగాలు కూడా. కోపంతో చదివింది. కోపంతో చదివితే వేగంగా చదవవచ్చు. అయితే దానితో ఒక చిక్కుంది, అది ఆమెకు తర్వాత తెలిసింది. తల్లి కొన్నిసార్లు తలుపు దగ్గర నిలబడి చూసేది.

"ఆ పుస్తకాన్ని చదువుతున్నావా, కొడుతున్నావా?"

"రెండూ."

"కాస్త పాలు తాగి కొట్టు."

జూన్ వచ్చింది. తొరెజ్జాని హాలులో కిటికీలన్నీ తెరిచారు. ఒర్నెల్లా మూడోసారి కూర్చోబోతోందన్న సంగతి అందరికీ తెలుసు. పరీక్ష లేనివాళ్లు కూడా కొందరు వచ్చి కూర్చున్నారు. మూడో బెంచీలో లొరెదానా ఉంది. ఇంటిపేర్ల అక్షరక్రమంలో ఒర్నెల్లా తర్వాత ఆమె పేరు. ఈసారి లాటిన్ గట్టెక్కితే డిగ్రీ వ్యాసం మొదలుపెట్టవచ్చు. లేకపోతే తండ్రి ఇచ్చిన గడువు అయిపోయింది, కొట్టులో కూర్చోవాలి. ఆమె ఆ చరిత్రకారుడి జీవితాన్ని చిన్నపిల్లలు ఎక్కాలు వల్లించినట్టు పెదవులు కదుపుతూ వల్లిస్తోంది.

ఒర్నెల్లా వచ్చి కూర్చుంది. ప్రొఫెసర్ చెయ్యి పుస్తకం మీదికి వెళ్లింది. అట్ట మూతపడింది.

"గ్రంథకర్త పుట్టిన ఊరితో మొదలుపెడదామా?"

"పెట్టనండి," అంది ఒర్నెల్లా.

"ఏమిటీ?"

"అది రెండుసార్లు చెప్పాను. ఇంకా అక్కడే పుట్టాడు, మారలేదు. పాఠం ఇవ్వండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రొఫెసర్ పక్కన కూర్చున్న సహాయకురాలు తల దించుకుంది. తొరెజ్జాని మొహంలోకి రక్తం పొంగింది. ఇన్నేళ్లలో ఆ కుర్చీలో కూర్చుని ఆయన ప్రశ్నకు జవాబు చెప్పనన్నవాళ్లు లేరు. అయినా ఆయన తమాయించుకున్నాడు. ఆ మాటా చెప్పాలి.

"చూడమ్మా. నీ ఒక్కదానికి పాఠం పెడితే నీలాంటివాళ్లందరికీ పెట్టాలి. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి నేను చేయను. ఇవాళ నీ తర్వాత నీ స్కూలు బాపతు వాళ్లు ఇంకా ఉన్నారు. ఆలోచించుకో."

ఒర్నెల్లా వెనక్కి తిరిగి చూసింది. లొరెదానా పెదవులు ఆగిపోయాయి. ఆమె తల అడ్డంగా ఊపింది, ఒకే ఒక్కసారి, చాలా చిన్నగా. ఒర్నెల్లా ఆ ఊపడం చూసింది. చూడలేదని తర్వాత ఎన్నడూ చెప్పుకోలేదు.

ఆమె ముందుకు తిరిగింది. "ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి. ఇప్పటిదాకా మీరు చేసింది అదే కదండీ."

తొరెజ్జాని పుస్తకం తెరిచాడు. ప్రసిద్ధ ఘట్టాల దగ్గర కాదు, నడిమధ్య. తెరిచి ఆమెవైపు తిప్పాడు.

"చదువు."

చలికాలపు విడిదిలో, బురదలో, జీతాలు అందని సైన్యం తిరగబడే ఘట్టం అది. ఒర్నెల్లా పుస్తకాన్ని దగ్గరికి లాక్కుంది. చదివింది. అనువదించడం మొదలుపెట్టింది. వర్షం, చిరిగిన గుడారాలు, గాయాలు విప్పి చూపించే ముసలి సైనికులు, ఒక్కొక్కటీ సరిగ్గా వచ్చింది. నోటరీ కొడుకుల మొహాలు మారాయి. సహాయకురాలు తలెత్తింది. తర్వాత ఒక ప్రసంగం వచ్చింది. ఒర్నెల్లా దాని మీదికి ఎగబడింది. సిగ్గులేనివాళ్లారా, మిమ్మల్ని నిలబెట్టిన చేతులనే మరిచారా, ఎవరి చెమట మీద మీరు బతుకుతున్నారో లెక్క చెప్పండి. ఆమె గొంతులో సైనికులందరూ ఒక్కసారే నిలబడ్డారు. వెనక బెంచీల్లో కామర్స్ స్కూలు కుర్రాడొకడు పిడికిలి బిగించాడు.

తొరెజ్జాని ఆమెను ఆపలేదు. ప్రసంగం చివరిదాకా పోనిచ్చాడు.

"ఈ మాటలు ఎవరివి?" అని అడిగాడు.

"సైనికులవి."

"మళ్లీ చూడు."

ఆమె చూసింది. ఏమీ కనిపించలేదు. మళ్లీ చూసింది.

"సేనాధిపతివి," అన్నాడు ఆయన. "సిగ్గులేనివాళ్లని తిట్టేది ఆయన. తిట్లు తింటున్నది వాళ్లు. నువ్వు మొత్తం తిరగేశావు. నువ్వు చదవలేదమ్మా. నీకు కావలసింది వినిపించుకున్నావు."

ఆయన చెప్పిన మరుక్షణం ఆ పేజీ అంతా ఆమె కళ్ల ముందు గిర్రున తిరిగి, సరిగ్గా నిలబడింది. ఆయన చెప్పింది నిజం. పసిపిల్ల కూడా చేయని తప్పు. ఈ తప్పు ఆ హాలులో ఆమె ఒక్కతే చేయగలదు. చెవులు మండిపోయాయి. లేచి పారిపోవాలనిపించింది. కోపం ఆయన మీద కాదు. ఆయన మీద ఉంటే తేలికగా ఉండేది.

తొరెజ్జాని ఇంకో రెండు చోట్ల అడిగాడు. ఒకటి బాగా చెప్పింది, ఒకటి కుంటింది. ఆయన పుస్తకం ఆమె ముందు తెరిచే ఉంచి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇరవై మూడు. వద్దంటావా?"

"తీసుకుంటానండీ."

ఆయన చెయ్యి ఆగింది. "ఇరవై ఏడు రెండుసార్లు వద్దన్నావు."

"అది ఎవరికిచ్చారో నాకు తెలీదండి. ఇది నాకిచ్చారు."

ఆయన రాశాడు. సంతకం చేశాడు. మార్కుల పుస్తకం ఆమె చేతికిస్తూ, "తప్పు చోట కూడా చదవడం బాగుంది," అన్నాడు, వేళాకోళంగా కాదు. ఒర్నెల్లా దానికి కృతజ్ఞత చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఆమెకు కనిపించలేదు.

తర్వాతి పేరు లొరెదానా. ఆమె కూర్చోగానే తొరెజ్జాని ఏ స్కూలని అడగలేదు. మాట ఇచ్చినవాడిలా పుస్తకాన్ని ఆమెవైపు తిప్పాడు. అందరికీ తెలిసిన ఘట్టం, వీలైనంత సులువైనది వెతికి పెట్టాడు. లొరెదానా ఒక వాక్యం చదివింది. రెండోదానిలో చిక్కుకుంది. ఆయన ఆగాడు, అందించాడు, ఇంకో పేజీ తీశాడు. లొరెదానా పేజీని అలా చూస్తూ ఉండిపోయింది. చివరికి ఆయన మార్కుల పుస్తకం తెరవకుండానే తిరిగిచ్చి, "శరత్తులో రామ్మా," అన్నాడు. ఆమె తర్వాత వచ్చిన ఇద్దరు కామర్స్ స్కూలు వాళ్లకూ అదే జరిగింది.

ఆ రోజునుంచి రిటైరయ్యేదాకా తొరెజ్జాని అందరికీ పాఠం పెట్టాడు. కొన్నేళ్లు ఆయన దగ్గర గట్టెక్కే కామర్స్ పిల్లలు పలచబడ్డారు, కొందరు చదువే మానుకున్నారు. గట్టెక్కినవాళ్ల మార్కుకు మాత్రం ముందు తగిలించే పేరు లేకుండా పోయింది. వాళ్లు స్కూళ్లలో లాటిన్ చెప్పారు. ఒర్నెల్లాను తలుచుకుని నిటారుగా కూర్చునేవాళ్లు వీళ్లే. మొహం తిప్పుకునేవాళ్లు ఎవరో చెప్పనక్కర్లేదు. తక్కెడలో రెండు వైపులా మనుషులే ఉన్నప్పుడు ముల్లు మధ్యలో నిలవాలని ఆశించడం పొరపాటు. ఒర్నెల్లా అడిగింది న్యాయమైనదే. అడిగిన తీరు గురించి మాట్లాడే హక్కు మాత్రం లొరెదానాకే ఉంది, ఆమె ఆ సాయంత్రమే మాట్లాడింది.

బస్సులో లొరెదానా వేరే సీట్లో కూర్చుంది. లోయ మొదటి మలుపు దాటాక ఒర్నెల్లా లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడింది.

"సెప్టెంబరుదాకా నేను నేర్పుతాను. రోజూ పని అయ్యాక వస్తాను. కొట్టు దగ్గరికే వస్తాను."

"వద్దు."

"నీకు వస్తుంది లొరెదానా. నాకొచ్చింది, నీకు రాదా?"

"అదుగో, మళ్లీ." లొరెదానా కిటికీలోంచి చూపు తిప్పలేదు. "ఆయన 'నీకు రాదులేమ్మా' అని పుస్తకం మూశాడు. నువ్వు 'నీకు వస్తుందిలేవే' అని తెరిపించావు. ఇద్దరికిద్దరూ నన్ను ఒక్క మాట అడిగారా?"

"ఆయన చేసింది తప్పు. నీకు తెలీదా?"

"తప్పే. కాదని ఎవరన్నారు? నీ యుద్ధం నువ్వు చేసుకో, నీకు అడ్డొచ్చానా? కానీ నీ పేరు పిలిచినప్పుడు లేచి, సార్, నన్ను చివర పిలవండి అని ఒక్క మాట అంటే ఏం పోయేది? రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. కడుపునొప్పని అడుగుతారు, అమ్మ రాలేదని అడుగుతారు. ఆయన ఎవరినీ కాదనడు. మా ముగ్గురివీ అయిపోయేవి. ఆ తర్వాత ఆయనా నువ్వూ పొద్దుగూకేదాకా కొట్టుకునేవాళ్లు."

మూడు పరీక్షలకూ, ఒక చలికాలానికీ సరిపడా జవాబులు ఒర్నెల్లా దగ్గర ఉన్నాయి, వాటిలో ఇది లేదు. వెనక్కి తిరిగి లొరెదానా తల ఊపడం చూసినప్పుడు కూడా ఇంత చిన్న సంగతి ఆమెకు తట్టలేదు.

"తట్టలేదు," అంది.

"తెలుసు. అదే నాకు ఒళ్లు మండేది. కావాలని చేసుంటే తిట్టి ఊరుకునేదాన్ని."

కూరగాయల కొట్టున్న ఊరు ఇంకా రాలేదు. లొరెదానా తాడు లాగి బస్సు ఆపించింది. ద్రాక్షతోటల మధ్య దిగి, రోడ్డు పక్కన నడక మొదలుపెట్టింది. డ్రైవరు అద్దంలోంచి ఒర్నెల్లావైపు చూసి, "మీరూ దిగుతారా?" అని అడిగాడు. దిగితే ఆమె వెనకే నడవాలి. నడిచి ఏం చెప్పాలో తెలియదు. దిగకపోతే ఆమెను దాటుకుని పోవాలి.

"పోనివ్వండి," అంది ఒర్నెల్లా. కూర్చోలేదు. బస్సు లొరెదానాను దాటుతున్నప్పుడు కిటికీ నుంచి మొహం తిప్పుకోకుండా, ఆమె కనిపించినంత దూరం చూస్తూ, కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది.